చెక్ ఇంజిన్ లైటు వెలిగితే: కోడ్ చదవడం నుంచి తప్పు సరిచేసేదాకా

చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0171 అని వస్తుంది. ఆ కోడ్‌కు ఆక్సిజన్ సెన్సార్‌తో సంబంధం ఉందని ఎవరో చెబితే సెన్సార్ మార్చేస్తారు. కోడ్ చెరిపాక లైటు ఆరుతుంది, నాలుగు రోజులకు మళ్లీ వెలుగుతుంది. పాత సెన్సార్ చెప్పింది నిజమే మరి: ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా వస్తోంది, దానికి సరిపడా పెట్రోలు అందడం లేదు. నిజం చెప్పిన సెన్సార్‌ను తీసేసి, అదే నిజం చెప్పే కొత్త సెన్సార్‌ను బిగించారు. గాలి దూరుతున్న పగిలిన వాక్యూమ్ పైపు మాత్రం అలాగే ఉంది.

కోడ్‌లో కనిపించే పేరు పాడైన పార్టు పేరు అనుకోవడం వల్లే ఇలా జరుగుతుంది. ఇంజిన్ కంప్యూటర్ లోపల వందల పరీక్షలు నడుస్తుంటాయి. ఏ పరీక్షలో తేడా వచ్చిందో కోడ్ చెబుతుంది, అంతే. ఆ తేడా ఎందుకు వచ్చిందో తేల్చడం మన పని. తేల్చాకే పార్టు కొనాలి.

చేతిలో ఏముండాలి

కోడ్ మాత్రమే చూపించే చిన్న రీడర్ చాలదు. లైవ్ డేటా (సెన్సార్లు అప్పటికప్పుడు చెప్పే రీడింగులు), ఫ్రీజ్ ఫ్రేమ్ (తప్పు జరిగిన క్షణంలోని రీడింగులు) చూపించే స్కానర్ కావాలి. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే ఇంట్లో పనికి సరిపోతుంది. నాసిరకం అడాప్టర్లలో కొన్ని అన్ని ప్రొటోకాల్స్‌నూ అందుకోలేవు. ఒక కారులో పనిచేసి మరో కారులో కనెక్ట్ కాకపోతే ముందు అడాప్టర్‌నే అనుమానించండి.

రెండోది డిజిటల్ మల్టీమీటర్. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 మెగాఓమ్‌లు ఉన్నది తీసుకోండి. బల్బు పెట్టిన పాతకాలపు టెస్ట్ లైటును సెన్సార్ వైర్ల మీద వాడొద్దు, అది లాగే కరెంటుకు కంప్యూటర్ లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు. వోల్టేజీ చూడాలంటే కప్లర్ వెనుక వైపు నుంచి, వైరు పక్కగా సన్నని పిన్ను దూర్చండి. వైరు తొడుగును పొడిచి చూడొద్దు. ఆ రంధ్రంలో నీరు చేరి లోపలి రాగి పచ్చబడుతుంది, కొన్ని నెలలకు అక్కడే కొత్త తప్పు పుడుతుంది.

మూడోది మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్. ఏ పిన్నుకు ఏ వైరు వెళ్తుందో తెలియకుండా మీటరు పెట్టి లాభం లేదు.

స్కానర్ పెట్టే సాకెట్ డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్‌కు దగ్గరలో ఉంటుంది. అందులో 16 పిన్నులు ఉంటాయి. స్కానర్‌కు పవరే రాకపోతే 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజీ, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉన్నాయో లేదో చూడండి. చాలా కార్లలో ఈ సాకెట్‌కూ సిగరెట్ లైటర్ సాకెట్‌కూ ఒకటే ఫ్యూజు, ముందు దాన్ని చూస్తే పని తేలికవుతుంది. పవర్ ఉంది కానీ కంప్యూటర్ పలకడం లేదంటే, బ్యాటరీ నెగటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగి, 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. క్యాన్ లైను (కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు వైర్ల లైను) నేరుగా సాకెట్‌కు వచ్చే కార్లలో సుమారు 60 ఓమ్‌లు రావాలి. లైనుకు రెండు చివరలా ఒక్కొక్కటి 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి ఆ లెక్క. 120 చూపిస్తే ఒక వైపు తెగింది, సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లూ కలిసిపోయాయి.

కోడ్ చెరపడానికి తొందరపడొద్దు

స్కానర్‌లో ‘క్లియర్’ బటన్ నొక్కగానే లైటు ఆరుతుంది. దాంతోపాటు తప్పు జరిగిన క్షణంలో కంప్యూటర్ తీసుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. చాలా కార్లలో కంప్యూటర్ నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు సవరణ) లెక్కలూ పోతాయి. అంటే సాక్ష్యాన్ని మన చేత్తోనే తుడిచేసినట్టు. ముందు ఇవన్నీ కాగితం మీద రాసుకోండి, లేదా తెర ఫొటో తీసుకోండి:

- స్టోర్ అయిన కోడ్స్, పెండింగ్ కోడ్స్, పర్మనెంట్ కోడ్స్ విడివిడిగా. పెండింగ్ అంటే ఒకసారి తేడా కనిపించింది, లైటు వెలిగించేంతగా ఇంకా ఖాయం కాలేదని.
- ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్ లోడ్, ఫ్యూయల్ ట్రిమ్‌లు.

ఫ్రీజ్ ఫ్రేమ్‌ను కథలా చదవాలి. కూలెంట్ 32 డిగ్రీలు, 900 ఆర్‌పీఎం, వేగం సున్నా అని ఉంటే బండి చల్లగా ఉన్నప్పుడు, నిలబడి ఉండగా తప్పు జరిగింది. కూలెంట్ 92 డిగ్రీలు, 3,200 ఆర్‌పీఎం, లోడ్ 85 శాతం ఉంటే బరువు లాగుతున్నప్పుడో ఎత్తు ఎక్కుతున్నప్పుడో జరిగింది. రెండింటిలోనూ పి0171 వచ్చినా వెతకాల్సిన చోట్లు వేరు. మొదటిదానికి వాక్యూమ్ లీకేజీ, రెండోదానికి పెట్రోలు పంపు. తప్పును మళ్లీ రప్పించాలన్నా ఇదే పరిస్థితుల్లో బండి నడపాలి.

ఇక లైటు మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంటుంటే పరీక్షల సంగతి తర్వాత. సిలిండర్లో మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని దాని అర్థం. ఆ వేడికి కన్వర్టర్ లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది. యాక్సిలరేటర్ వదిలి, సురక్షితమైన చోట ఆపేయండి. ఆయిల్ ప్రెజర్ ఎర్ర లైటు గానీ టెంపరేచర్ ఎర్ర లైటు గానీ వస్తే వెంటనే ఇంజిన్ ఆపాలి.

కోడ్‌ను విడదీసి చదవడం

మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేర్‌బాక్స్. బి అంటే బాడీ, సి అంటే బ్రేకులూ సస్పెన్షన్ వైపు, యు అంటే కంప్యూటర్ల మధ్య మాట్లాడుకునే లైను. తర్వాతి అంకె 0 అయితే ఆ కోడ్ అర్థం అన్ని కంపెనీలకూ ఒకటే. 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్. వేరే కంపెనీ కారుకు రాసిన అర్థాన్ని దానికి అంటగట్టకూడదు. మూడో స్థానంలో 1, 2 ఉంటే గాలి, ఇంధనం. 3 అయితే ఇగ్నిషన్, మిస్సింగ్ (సిలిండర్లో పెట్రోలు సరిగా మండకపోవడం). 4 అయితే పొగ నియంత్రణ. 5 అయితే వేగం, ఐడిలింగ్. 6 కంప్యూటర్, దాని అవుట్‌పుట్ సర్క్యూట్లు. 7, 8 గేర్‌బాక్స్.

అంకెల కన్నా వివరణలోని చివరి మాటలు ఎక్కువ పనికొస్తాయి. చాలామంది వాటిని చదవకుండా వదిలేస్తారు. ‘సర్క్యూట్ లో’, ‘సర్క్యూట్ హై’ అని ఉంటే అది కరెంటు తప్పు: వైరు తెగింది, ఎర్త్‌కు తగిలింది, కప్లర్ ఊడింది, లేదా సెన్సార్ లోపల తెగింది. మీటరు పట్టుకుంటే తేలిపోతుంది. ‘రేంజ్’, ‘పెర్ఫార్మెన్స్’ అని ఉంటే సిగ్నల్ వస్తోంది కానీ మిగతా సెన్సార్ల మాటతో పొసగడం లేదు. అక్కడ చెత్త పేరుకున్న సెన్సార్, గాలి లీకేజీ, మూసుకుపోయిన పైపు లాంటివి వెతకాలి. ‘ఇంటర్‌మిటెంట్’ అంటే వచ్చి పోతోంది. దాని సంగతి చివర్లో.

ఒకేసారి ఐదారు కోడ్స్ వస్తే కంగారుపడకండి. ఐదారు పార్టులు ఒకే రోజు పాడవ్వవు. ఈ వరసలో తీసుకోండి: మొదట బ్యాటరీ వోల్టేజీ కోడ్స్ (పి0562 లాంటివి), తర్వాత యు కోడ్స్, ఆ తర్వాత సెన్సార్లకు వెళ్లే 5 వోల్టుల సప్లయ్ కోడ్స్ (పి0641, పి0651), తర్వాత ఒక్కో సెన్సార్ కోడ్స్, తర్వాత మిస్సింగ్, తర్వాత లీన్ (పెట్రోలు తక్కువ), రిచ్ (పెట్రోలు ఎక్కువ). అన్నిటికన్నా చివర కెటలిటిక్ కన్వర్టర్ కోడ్ పి0420. పై మెట్టులోని తప్పు కింది మెట్లన్నిటిలో కోడ్స్ పుట్టిస్తుంది. మిస్సింగ్ ఉన్న ఇంజిన్‌లో పి0420 చూసి కన్వర్టర్ మార్చడం కన్నా పెద్ద నష్టం ఈ పనిలో లేదు.

పార్టుల జోలికి వెళ్లేముందు అరగంట

బానెట్ ఎత్తి కళ్లతో చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే రబ్బరు పైపును వంచి, మడతల మధ్య పగుళ్లు వెతకండి. మామూలుగా ఉన్నప్పుడు మూసుకునే పగులు, ఇంజిన్ కదిలినప్పుడు తెరుచుకుంటుంది. సన్నని వాక్యూమ్ పైపుల చివరలు గట్టిబడి వదులయ్యాయా, ఎలుకలు వైర్లు కొరికాయా, కప్లర్ల లాకులు విరిగాయా చూడండి. ఇటీవల ఏదైనా పని చేయించి ఉంటే, తప్పు ఆ చుట్టుపక్కలే ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత కరెంటు. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే పడిపోకూడదు. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.5 నుంచి 14.7 మధ్య కనిపిస్తుంది. కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను నడిపించే కొత్త కార్లలో ఇది అప్పుడప్పుడు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, అది తప్పు కాదు.

ఎర్త్‌ను ఓమ్‌ల మీటరుతో కొలిచి బాగుందనుకోవద్దు. పది పోగుల కేబుల్లో తొమ్మిది తెగినా, మిగిలిన ఒక్క పోగు మీటరుకు సున్నా ఓమ్‌లే చూపిస్తుంది. కరెంటు పారేటప్పుడు మాత్రం అది మోయలేదు. అందుకే వోల్టేజ్ డ్రాప్ చూడాలి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద తుప్పు లేని చోట పెట్టండి. హెడ్‌లైట్లు, ఫ్యాను ఆన్ చేసి ఇంజిన్ నడుస్తుండగా 0.1 వోల్టు లోపు ఉండాలి. అంతకు మించితే కేబుల్ విప్పి, రెండు చివరలూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. విచిత్రమైన కోడ్స్ గుంపుగా వచ్చే కార్లలో ఈ ఒక్క పనితోనే చాలాసార్లు సగం కోడ్స్ పోతాయి.

సెన్సారా, వైరా? తేల్చే సులువైన పద్ధతి

రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్లకు (కూలెంట్‌కు పి0117, పి0118; లోపలికి వెళ్లే గాలికి పి0112, పి0113) ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. స్కానర్‌లో ఆ ఉష్ణోగ్రత తెరిచి పెట్టుకోండి. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్.

1. పి0118, పి0113 లాంటి ‘హై’ కోడ్ వచ్చినప్పుడు తెర మీద మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. సర్క్యూట్ ఎక్కడో తెగి ఉందని అర్థం.
2. సెన్సార్ కప్లర్ ఊడదీసి, కప్లర్‌లోని రెండు పిన్నుల మధ్య చిన్న వైరు ముక్క కలపండి. తెర మీద ఉష్ణోగ్రత ఒక్కసారిగా 120 దాటి పైకి పోతే వైరింగ్, కంప్యూటర్ రెండూ బాగున్నాయి, సెన్సారే పోయింది.
3. ఏ మార్పూ రాకపోతే సెన్సార్ మార్చి లాభం లేదు. వైరు వెంట కంప్యూటర్ దాకా వెళ్లి, తెగిన చోటు పట్టుకోవాలి.

‘లో’ కోడ్‌కు ఇదే తిరగేయండి. తెర మీద వేడి అమాంతం ఎక్కువగా కనిపిస్తుంది. కప్లర్ ఊడదీస్తే మైనస్ 40కి పడిపోతే సెన్సార్ లోపల షార్టయింది. పడకపోతే వైర్లు ఎక్కడో కలిశాయి. కొన్ని కార్లలో కంప్యూటర్ తప్పు పట్టగానే తెర మీద తన సొంత అంచనా అంకె చూపిస్తుంది. అలాంటప్పుడు కప్లర్ పిన్నుల దగ్గర మీటరుతోనే చూడాలి.

ఈ వైరు ముక్క పద్ధతిని మూడు వైర్ల సెన్సార్ల మీద వాడకండి. వాటికి 5 వోల్టుల సప్లయ్, ఎర్త్, సిగ్నల్ ఉంటాయి. కప్లర్ ఊడదీసి సప్లయ్ పిన్నులో 4.9 నుంచి 5.1 వోల్టులు, ఎర్త్ పిన్నులో సున్నాకు దగ్గరగా ఉన్నాయో లేదో చూడండి. 5 వోల్టులు లేకపోతే, అదే సప్లయ్ పంచుకునే మిగతా సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోండి. ఏది ఊడదీసినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో, షార్టయింది ఆ సెన్సారే.

పి0171: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ

ఈ కోడ్‌కు ఫ్యూయల్ ట్రిమ్ అర్థం కావాలి. ఎంత గాలి వచ్చిందో చూసి కంప్యూటర్ పెట్రోలు లెక్క కడుతుంది. మండాక ఆక్సిజన్ సెన్సార్ చూసి ‘చాలలేదు’ అంటే ఇంకాస్త కలుపుతుంది, ‘ఎక్కువైంది’ అంటే తగ్గిస్తుంది. ఆ సవరణ శాతమే ట్రిమ్. షార్ట్ టర్మ్ అప్పటికప్పటి సవరణ, లాంగ్ టర్మ్ నేర్చుకుని గుర్తుపెట్టుకున్నది. రెండూ కలిపి చూడాలి. ప్లస్, మైనస్ 10 లోపు ఉంటే మామూలే. ప్లస్ 25 దరిదాపులకు చేరి అక్కడే నిలిస్తే పి0171 పడుతుంది. వి ఆకారపు ఇంజిన్లలో రెండో వైపుకు పి0174. రెండు వైపులా కలిసి వస్తే కారణం రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదే: గాలి కొలిచే సెన్సార్ (మ్యాఫ్), పెట్రోలు ప్రెజర్, లేదా ఉమ్మడి గాలి పైపు.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక మూడు చోట్ల ట్రిమ్ రాసుకోండి: ఐడిలింగ్‌లో, నిలబెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర, రోడ్డు మీద గట్టిగా లాగేటప్పుడు.

ఐడిలింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2,500 దగ్గర ప్లస్ 5కు దిగితే అది వాక్యూమ్ లీకేజీ. లీకేజీలోంచి దూరే దొంగగాలి పరిమాణం పెద్దగా మారదు. ఐడిలింగ్‌లో మొత్తం గాలే తక్కువ కాబట్టి అది పెద్ద భాగం, రేస్ చేసినప్పుడు చిన్న భాగం. ఐడిలింగ్‌లో మామూలుగా ఉండి, లాగేకొద్దీ పెరిగితే పెట్రోలు చాలడం లేదు: పంపు బలహీనపడింది, ఫిల్టర్ మూసుకుంది, లేదా మ్యాఫ్ సెన్సార్ మురికిపట్టి గాలిని తక్కువ లెక్క చెబుతోంది. అన్ని చోట్లా ఒకేలా ఎక్కువుంటే మ్యాఫ్, పెట్రోలు ప్రెజర్ రెండూ చూడాలి.

ఒక తేడా గుర్తుంచుకోండి. మ్యాఫ్ లేకుండా, ఇన్‌టేక్ లోపలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ ఒక్కదానితో నడిచే ఇంజిన్లలో, దొంగగాలిని కూడా మ్యాప్ చూసేస్తుంది, దానికి తగ్గ పెట్రోలు కలుపుతుంది. కాబట్టి వాక్యూమ్ లీకేజీ ఉంటే లీన్ కోడ్ కన్నా ఐడిలింగ్ పెరగడమే ముందు కనిపిస్తుంది. మంచి ఇంజిన్‌లో ఐడిలింగ్‌లో మ్యాప్ సుమారు 30 నుంచి 40 కిలోపాస్కల్స్ చూపిస్తుంది. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడే చూపాలి, సముద్రమట్టం దగ్గర అది దాదాపు 100.

లీకేజీ ఎక్కడుందో పట్టడానికి పొగ యంత్రం మంచిది. 1 పీఎస్ఐకి మించని ఒత్తిడితో పొగను ఇన్‌టేక్‌లోకి పంపితే, బయటికి వచ్చే చోటు కళ్లకు కనిపిస్తుంది. బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపేది), దాని పైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ల ఓ-రింగులు, సరిగా కూర్చోని ఆయిల్ మూత, డిప్‌స్టిక్: వీటిని తప్పకుండా చూడండి. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రే కొట్టి ఆర్‌పీఎం మార్పు చూసే పాత పద్ధతి ఒకటుంది. ఎగ్జాస్ట్ మీద ఒక్క చుక్క పడితే మంటలొస్తాయి, దాన్ని వదిలేయండి.

మ్యాఫ్ శుభ్రం చేయాలంటే మ్యాఫ్ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రేనే వాడండి. సెన్సార్ ఊడదీసి, లోపలి సన్నని తీగను వేలితో గానీ గుడ్డతో గానీ తాకకుండా పది పదిహేనుసార్లు కొట్టి, పూర్తిగా ఆరాక బిగించండి. బ్రేక్ క్లీనర్ కొడితే ప్లాస్టిక్, పూత పాడవుతాయి. వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లో మ్యాఫ్ రీడింగు, సెకనుకు గ్రాముల్లో, ఇంజిన్ సైజు లీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఇది మోటు లెక్కే, కానీ 2 లీటర్ల ఇంజిన్ 0.8 చూపిస్తే అనుమానించడానికి చాలు.

పెట్రోలు ప్రెజర్ ఇన్‌టేక్ పోర్టులో చల్లే మామూలు ఇంజిన్లలో ఎక్కువగా 3 నుంచి 4 బార్ ఉంటుంది. ఖచ్చితమైన అంకె మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి. ఐడిలింగ్‌లో సరిగ్గా ఉన్న పంపు లాగేటప్పుడు పడిపోవచ్చు, అందుకే రోడ్డు మీద కూడా కొలవాలి. లైను విప్పేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి ప్రెజర్ దించండి. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్ల హై ప్రెజర్ లైనులో 100 బార్‌కు పైనే, డీజిల్ కామన్ రైల్‌లో 1,000 బార్‌కు పైనే ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ పైపులను ఇంట్లో విప్పొద్దు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర, ముందు సెన్సార్‌కు ముందు లీకేజీ ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని లీన్ అని చూపిస్తుంది. ఉదయం చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టక్ టక్ శబ్దం వినిపిస్తే అక్కడ చూడండి.

మిస్సింగ్: పి0300 నుంచి

పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0304 అంటే నాలుగోది. పి0300 అంటే ఒక్క సిలిండర్ అని తేల్చలేకపోయింది. ఏదో ఒక సిలిండర్ పేరు వచ్చిందంటే పని తేలిక, మార్చి చూడొచ్చు.

పి0302 వచ్చిందనుకోండి. ఇంజిన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాని కాయిల్‌ను రెండోదానికి మార్చండి. కోడ్ చెరిపి (ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకున్నారు కదా), ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న పరిస్థితిలోనే నడపండి. పి0303 వస్తే కాయిల్ పోయింది. పి0302 మళ్లీ వస్తే ఇప్పుడు ప్లగ్గులు మార్చి చూడండి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. కాయిల్, ప్లగ్గు కలిపి మార్చితే ఏది దోషో తెలియదు.

ప్లగ్గు తీసినప్పుడు దాన్ని చదవండి. తెల్ల పింగాణీ మీద నల్లటి సన్నని గీత పొడుగునా ఉంటే స్పార్కు బయటినుంచే పారిపోతోంది. అలాంటప్పుడు ప్లగ్గుతోపాటు కాయిల్ రబ్బరు తొడుగూ మార్చాలి. ప్లగ్గు కూర్చునే గుంతలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోంది. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్కు లేదు, పొడిగా తెల్లగా ఉంటే పెట్రోలు అందడం లేదు. గ్యాప్ చాలా ఇంజిన్లలో 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ప్లగ్గులు ఇంజిన్ చల్లారాకే విప్పండి, అల్యూమినియం హెడ్ వేడిగా ఉంటే మరలు ప్లగ్గుతోపాటు ఊడొస్తాయి. బిగించేటప్పుడు మొదట చేత్తో తిప్పి, చివరికి టార్క్ రెంచ్ వాడండి.

ప్లగ్గు, కాయిల్ బాగున్నా మిస్సింగ్ అదే సిలిండర్లో ఉంటే ఇంజెక్టర్. కప్లర్ ఊడదీసి ఓమ్‌లు కొలవండి. పోర్టు ఇంజెక్షన్‌లో ఎక్కువగా 12 నుంచి 16 వస్తాయి. మిగతా సిలిండర్ల ఇంజెక్టర్లతో పోల్చి చూడటం ఇంకా నమ్మకం. అదీ బాగుంటే కంప్రెషన్ కొలవాలి. ఇంజెక్టర్లు, కాయిల్స్ కప్లర్లు ఊడదీసి, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రతి సిలిండర్‌కు గేజీ ముల్లు అయిదారు సార్లు ఎగిరేదాకా సెల్ఫ్ కొట్టండి. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా 15 శాతానికి మించి తక్కువుంటే లోపల తప్పుంది. అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి: పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్.

పి0300 ఒక్కటే వచ్చి, అన్ని సిలిండర్లలో కొద్దికొద్దిగా మిస్సింగ్ ఉంటే ఒక్కో కాయిల్ మార్చుకుంటూ పోవద్దు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి చూడండి: వాక్యూమ్ లీకేజీ, పెట్రోలు ప్రెజర్, తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ పొగలో కొంత తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది), సాగిన టైమింగ్ చెయిన్.

పి0420: కన్వర్టర్ కొనేముందు

కన్వర్టర్‌కు ముందొక ఆక్సిజన్ సెన్సార్, వెనుకొకటి ఉంటాయి. ఇంజిన్ వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచి, రెండింటి గ్రాఫూ చూడండి. మామూలు సెన్సార్ అయితే ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఊగుతుంది. వెనుకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండాలి. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ పని చేయడం లేదు. వెనుకది నిలకడగానే ఉంటే కన్వర్టర్ మార్చొద్దు, ఎగ్జాస్ట్ లీకేజీ వెతకండి. ముందు వైడ్‌బ్యాండ్ సెన్సార్ ఉన్న కార్లలో అది ఇలా ఊగదు, వెనుక సెన్సార్ గ్రాఫ్ ఒక్కటే చూసుకోండి.

కన్వర్టర్ నిజంగా పోయిందని తేలినా అది ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది పెట్టకండి. పాత మిస్సింగ్, ఆయిల్ మండటం, కూలెంట్ సిలిండర్లోకి కారడం, పెట్రోలు అతిగా చల్లడం: ఇవే దాన్ని చంపుతాయి. కారణం అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది.

మరికొన్ని, క్లుప్తంగా

పి0128: ఇంజిన్ అనుకున్న సమయంలో వేడెక్కడం లేదు. కూలెంట్ లెవెల్ చూసి, సరిపడా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుందనే అర్థం. రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు టెంపరేచర్ పడిపోతుంటే అనుమానం అక్కర్లేదు.

పి0455, పి0442, పి0456: పెట్రోలు ఆవిరి లీకేజీ, పెద్దది నుంచి చిన్నదాకా. చివరిదానికి అర మిల్లీమీటరు రంధ్రం చాలు. ముందు ట్యాంకు మూత రబ్బరు పగిలిందేమో చూడండి, తర్వాత పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది). ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పర్జ్ వాల్వ్ గుండా గాలి ఊదితే పోకూడదు.

పి0335: క్రాంక్ సెన్సార్. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అయ్యే కారులో ఇది మొదటి అనుమానితుడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నాగానే ఉంటే సిగ్నల్ రావడం లేదు.

డీజిల్‌లో పి0299 (టర్బో ఒత్తిడి చాలడం లేదు) వస్తే టర్బో మార్చేముందు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా పైపులన్నీ తడిమి చూడండి. ఆయిల్ మరకలతో తడిసిన జాయింటే తరచుగా లీకేజీ.

వచ్చి పోయే తప్పు

మెకానిక్కు చూపించినప్పుడు మాత్రం అంతా బాగుండే కార్లు ఇవే. లైవ్ డేటాను గ్రాఫుగా పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా అనుమానమున్న వైరు కట్టను చేత్తో మెల్లగా కదుపుతూ పోండి. గ్రాఫ్ ఎగిరిన చోట ఆగండి. వేడికే వచ్చే తప్పయితే హెయిర్ డ్రయ్యర్‌తో ఆ సెన్సార్ ఒక్కదాన్ని వేడి చేయండి. కప్లర్ విప్పి పిన్నుల పట్టు చూడండి. అదే సైజు విడి పిన్ను దూర్చితే కాస్త పట్టినట్టు ఉండాలి. వదులుగా జారితే ఆ పిన్ను మార్చాలి, సెన్సార్ కాదు.

సరైందని ఎలా తెలుస్తుంది

పని అయ్యాక కోడ్ చెరపండి. అప్పుడు రెడీనెస్ మానిటర్లన్నీ (ఏ పరీక్ష పూర్తయిందో చూపే గుర్తులు) సున్నాకు వెళ్తాయి, అవి మళ్లీ పూర్తయ్యేదాకా కంప్యూటర్ పరీక్షలు ముగించలేదు. లైటు రాలేదని ఆ రోజే నిశ్చింతగా ఉండకండి. రాత్రంతా ఆపిన బండిని ఉదయం స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, తర్వాత ఒకే వేగంతో పది పదిహేను నిమిషాలు నడిపి, బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనివ్వండి. కచ్చితమైన వరస ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. ఆవిరి లీకేజీ పరీక్ష ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా మొదలే కాదు. సగం దగ్గర ఉంచండి.

మీరు సరిచేసిన తప్పుకు చెందిన మానిటర్ పూర్తయిందా, పెండింగ్ కోడ్స్‌లో అది మళ్లీ వచ్చిందా చూడండి. ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 22 నుంచి ప్లస్ 3కు దిగిందంటే లైటు గురించి అడగాల్సిన పని లేదు. పర్మనెంట్ కోడ్ మాత్రం స్కానర్‌తో పోదు. ఆ పరీక్షను కంప్యూటర్ తనే మళ్లీ నడిపి, బాగుందని తేల్చుకున్నాక దానంతటదే తొలగిపోతుంది.